హోప్ అంటే ఆశేనా?

మొన్న మా చిన్నాన్నకి మెసేజ్ పెట్టాను. ఆఫీసు మెయిళ్లు రాసి రాసి చెయ్యి అలా అలవాటు పడిపోయింది, "మీరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను" అని మొదలుపెట్టేశాను. వెంటనే ఫోన్. "ఆశించడమేంట్రా, నా దగ్గర నీకేమన్నా రావాలా?" అన్నారు. ఆయన పాత ఇన్‌లాండ్ లెటర్లు తీసి చూస్తే ప్రతిదాంట్లో ఒకటే వాక్యం: "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను."

తలుస్తాను! 'ఐ హోప్'కి ఇంత చక్కటి మాట ఉండగా ఎందుకు వదిలేశాం?

సరే, హోప్ పుట్టుక ఏమిటా అని వెతికాను. పాత ఇంగ్లీషులో నామవాచకం 'హోపా', క్రియ 'హోపియన్'. డచ్ 'హోపెన్', జర్మన్ 'హోఫెన్' దీనికి చుట్టాలు. అంతకు ముందు ఎక్కడిదో నిఘంటువులు తేల్చలేదు. గెంతడం అనే 'హాప్'తో ముడిపెట్టి, ఎదురుచూపులో ఎగిరి గంతేయడం అనేవాళ్లున్నారు. వినడానికి బాగుంది కానీ నాకు అతికించినట్టే ఉంది.

నాకు నచ్చింది ఇంకొకటి. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో ఇంగ్లండు ఉత్తరాది కుర్రాడొకడు, తమ కాలేజీకి సరుకులు కొనే ఆయన గురించి, "చచ్చిపోతాడని హోప్" అంటాడు. పగేమీ లేదు. ఆయన పళ్లనొప్పితో తెగ బాధపడుతున్నాడు, బతకడేమో అనుకుంటున్నాడు, అంతే. అంటే అప్పట్లో హోప్‌కి 'అనుకుంటాను, తలుస్తాను' అనే అర్థం కూడా ఉండేది. మా చిన్నాన్న వాక్యం ఆ కుర్రాడికి ఇట్టే అర్థమయ్యేది.

మన ఆశ వేరు. అందులో కోరిక పాలు ఎక్కువ. పేరాశ, దురాశ, అత్యాశ, ఆశపోతు... అన్నీ తిట్లే. చిన్నపిల్లలు కూడా "ఆశ దోశ అప్పడం వడ" అని వెక్కిరిస్తారు.

వ్యాఖ్య: మీ చిన్నాన్నగారు వ్యవసాయం చేస్తే ఇంకా కంగారు పడేవారండీ. మా వైపు పురుగు పంటని 'ఆశిస్తుంది'. "వరిని దోమపోటు ఆశించింది" అంటే మందు కొట్టాల్సిందే.

వ్యాఖ్య: సంస్కృతంలో ఆశ అంటే దిక్కు కూడా. అమరకోశం వల్లె వేసినవాళ్లకి గుర్తుంటుంది: "దిశస్తు కకుభః కాష్ఠా ఆశాశ్చ హరితశ్చ తాః". రెండూ ఒకటే మాట అనను. కానీ దిక్కులేనివాడికి ఆశ ఎక్కడిది అంటే ఇప్పుడు శ్లేష కూడా కుదురుతుంది కదా.

వ్యాఖ్య: ఇంగ్లీషులో 'ఫర్లార్న్ హోప్' అనే మాట ఉంది, అందులో ఉన్నది అసలు హోపే కాదు. డచ్‌లో 'వెర్లోరెన్ హోప్' అంటే పోయిన దండు. కోటగోడ కూలిన చోట అందరికంటే ముందు దూకే సైనికులు. ఆ హోప్‌కి అర్థం గుంపు, ఇంగ్లీషు 'హీప్'కి దగ్గర మాట. ఇంగ్లీషువాళ్లు చెవికి వినబడ్డట్టు రాసుకుని, చివరికి తీరని ఆశ అని అర్థం చెప్పుకున్నారు.

నా జవాబు: దోమపోటు సంగతి చిన్నాన్నకి చెప్పాను, పడీపడీ నవ్వారు. ఆయనకి రెండెకరాల వరి ఉంది మరి. "వాన మీద హోప్ ఉందా?" అని ఇంగ్లీషులోనే అడిగి, తెలుగులో ఏమంటారో చూద్దామనుకున్నాను. ఆశ అనలేదు, నమ్మకం అనలేదు. ఒకసారి మబ్బు వైపు చూసినట్టున్నారు, ఫోన్లో కాసేపు మాట లేదు. తర్వాత అన్నారు: "పడకపోతుందా!"

నామవాచకం లేదు, ఆశించడం లేదు. కాదు అనే మాటనే ప్రశ్నగా తిప్పేశారు. "వాడు రాకపోతాడా", "దేవుడు చూడకపోతాడా"... దీన్ని ఇంగ్లీషులోకి ఎలా తెస్తారో ఎవరన్నా చెప్పండి.