అమెజాన్ భాషలు, పజేల పాటలు: రికార్డింగుకు బెలేం వస్తున్నవారికి

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. హైదరాబాదులో భాషాశాస్త్రం ఎం.ఏ. పూర్తిచేసి, పరిశోధన కోసం త్వరలో బ్రెజిల్‌లోని బెలేం నగరానికి వస్తున్నాను. రోండోనియా రాష్ట్రంలో మాట్లాడేవారు బహు కొద్దిమంది మిగిలిన ఒక తుపి కుటుంబ భాషను, ముఖ్యంగా పజేలు, అంటే అక్కడి ఆదివాసీ మంత్రవైద్యులు, వైద్యం చేస్తూ పాడే పాటలను, రికార్డు చేయాలన్నది నా సంకల్పం. పాడేరు వైపు గ్రామాల్లో కొంత పని చేసిన అనుభవం ఉంది. అనుమతుల గురించి, పరికరాల గురించి, అక్కడివారితో మెలగవలసిన తీరు గురించి తెలిసినవారు చెప్పగలరని మనవి.

మొదటి జవాబు, బెలేం నుంచి:

అమ్మా, మీ ఉత్తరం చదివి సంతోషించాను. అనుమతుల సంగతికి తరువాత వస్తాను. పజేల పాటలతో పని మొదలుపెట్టాలన్న ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అవి మీరు వెళ్ళి అడగదగినవి కావు, వారికి వినిపించాలని తోచినప్పుడు పిలిచి వినిపిస్తారు. చేపలు పట్టడం, కర్రపెండలం తురమడం, పిల్లల పోట్లాటలు, రాత్రి కురిసిన వాన, ఇలాంటివాటిమీద నడిచే మామూలు మాటలతోనే మొదటి ఏడాదంతా గడిచిపోయినా దిగులు పడకండి, ఎందుకంటే మామూలు భాష పట్టుబడకుండా వైద్యుడి పాట బోధపడదు. పెరూలోని యామినావా పజేల పాటలను పరిశీలించిన మానవశాస్త్రజ్ఞులు చెప్పేదేమిటంటే, ఆ పాటల్లో జాగ్వార్‌ను బుట్ట అనీ, అనకొండను ఊయల అనీ, చేపలను అడవిపందులు అనీ పిలుస్తారు. అసలు పేర్లతో పిలిస్తే వాటిని ఢీకొన్నట్టవుతుందని, మెలితిప్పిన మాటలతో చుట్టూ తిరిగితే అవి స్పష్టంగా కనిపిస్తాయని ఆ వైద్యులు చెప్పుకొనే కారణం. మాట కింద మాట అర్థం రాసుకుంటూ పోయే మన చదువు అక్కడ ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు.

రోండోనియాను మీరు ఎంచుకోవడం శాస్త్రపరంగా సరైనదే. తుపి కుటుంబంలోని పది శాఖల్లో ఐదు ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. కాని అది పశువుల మేతకోసం అడవిని నరికి మనుషులను వేటాడిన నేల కూడా. అకుంత్సు ప్రజలను 1995లో ప్రభుత్వ బృందం కలుసుకొనేనాటికి ఏడుగురే మిగిలి ఉన్నారు. వారి పెద్ద, పజే కూడా అయిన కొనిబు 2016లో మరణించారు. ఆ తరువాత కొద్దికాలానికి ముగ్గురు స్త్రీలు మాత్రమే మిగిలారు. మనం క్షేత్రానికి వెళ్ళగానే అలవాటుగా పదాల జాబితా బయటికి తీసి, చేతివేళ్ళ పేర్లు అయ్యాక బంధుత్వ పదాలు అడుగుతాం కదా. కళ్ళముందు అన్ననూ మేనమామనూ పోగొట్టుకున్న మనిషిని ‘మీ అన్నను ఏమని పిలుస్తారు’ అని అడగడం ఎటువంటిదో జాబితా తయారుచేసేటప్పుడే ఆలోచించుకోండి. ఆ పదాలు తరువాత మాటల్లో వాటంతటవే వస్తాయి.

ఇక కాగితాలు. విదేశీయులు ఇక్కడ ఒంటరిగా పరిశోధన చేయడానికి వీలులేదు. బ్రెజిల్ సంస్థ ఒకటి మీ బాధ్యత తీసుకోవాలి, సీఎన్‌పీక్యూ అనే జాతీయ పరిశోధన మండలి ద్వారా అనుమతి రావాలి, నైతిక సమీక్ష జరగాలి, అప్పుడు ఆదివాసీ భూముల్లోకి అడుగు పెట్టడానికి ఫునాయ్ అనే ఆదివాసీ వ్యవహారాల ప్రభుత్వ సంస్థ అనుమతి ఇవ్వాలి. ఆ ఫునాయ్ కూడా ముందుగా ఆ సముదాయం అభిప్రాయం అడుగుతుంది, మీకు అంటువ్యాధులేవీ లేవన్న వైద్య ధ్రువపత్రమూ టీకాల వివరాలూ అడుగుతుంది. దీనిని గుమాస్తాల చాదస్తం అనుకోకండి, బయటివారు తెచ్చిన జలుబూ తట్టూ ఈ అడవుల్లో ఊళ్ళను తుడిచిపెట్టిన చరిత్ర ఉంది. పాటల్లో మందుమొక్కల ప్రస్తావన వచ్చిందంటే 2015 నాటి 13,123వ నంబరు చట్టం కూడా అడ్డు నిలుస్తుంది. మొక్కలతో ముడిపడిన సంప్రదాయ విజ్ఞానాన్ని విదేశీ వ్యక్తి సొంతంగా సేకరించడం దాని ప్రకారం నిషేధం. ఇవన్నీ చేతికందడానికి నెలలు పడతాయి. ఈలోగా పోర్చుగీసు నేర్చుకోండి, ఇంగ్లీషుతో బెలేం సంతలో కూరగాయలు కూడా కొనలేరు.

పరికరాల గురించి ఎక్కువ చెప్పను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైళ్ళుగా రికార్డు చేయండి, ఎంపీ3 వద్దు. మైకు మనిషి నోటికి దగ్గరగా ఉండాలి, లేకపోతే తాటాకు కప్పుమీద వాన చప్పుడే మిగులుతుంది. రికార్డర్‌ను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ప్రతి రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడుతున్నవారి అంగీకారం వారి గొంతుతోనే పలికించండి. గంట రికార్డింగును రాసి, అనువదించి, వ్యాకరణ వివరాలు చేర్చడానికి పదుల గంటలు పడుతుంది కనుక, అక్కడి యువకులకు ధ్వనికి జతగా రాతను చేర్చే ఎలాన్ సాఫ్ట్‌వేర్ నేర్పించి, జీతం ఇచ్చి పనిలోకి తీసుకోండి. జీతం అన్నాను, గౌరవ వేతనం అనలేదు.

రికార్డింగు ఎక్కడ ఉండాలి, ఎవరు వినవచ్చు అన్నదే అన్నిటికన్నా బరువైన ప్రశ్న. బ్రెజిల్, వెనెజువెలా సరిహద్దు అడవుల్లోని యానోమామి ప్రజలు చనిపోయినవారి పేరు ఉచ్చరించరు, వారి వస్తువులు వేటినీ మిగలనివ్వరు. 1960లలో అమెరికా పరిశోధకులు తీసుకెళ్ళిన వారి రక్తపు నమూనాలు, ఇచ్చినవారు చనిపోయిన తరువాత కూడా విశ్వవిద్యాలయాల శీతల పెట్టెల్లో ఉండిపోయాయి. అవి తిరిగి వచ్చి మట్టిలో కలిసింది 2015లో. చనిపోయినవారి గొంతు టేపులో మోగడం కూడా ఇటువంటిదే కావచ్చు, మరొక ప్రజకు అదే ఓదార్పూ కావచ్చు. అందువల్ల ‘మీ తదనంతరం దీన్ని ఎవరు వినవచ్చు’ అని బతికుండగానే ప్రతి ఒక్కరినీ అడిగి, జవాబును రికార్డు చేయండి. ఇక్కడి గోయెల్డి మ్యూజియం భాండాగారంలో గాని, టెక్సాస్‌లోని ఐలా అనే ఆదివాసీ భాషల భాండాగారంలో గాని, ప్రతి ఫైలుకూ విడిగా తలుపు తెరవవచ్చు, మూయవచ్చు. ఒక ప్రతి మాత్రం ఊరికే చేరాలి. షింగూ నది ఎగువన కుయికురో పెద్దలు తమ ఆచారాల పాటలు పోతాయేమోనని తామే రికార్డింగు కోరుకొన్నారు, వారి యువకులే కెమెరా పట్టారు. మీకు అటువంటి పిలుపు వస్తే పజేల పాటల పని అప్పుడు మొదలవుతుంది, రాకపోతే వ్యాకరణం రాయండి, అదీ చిన్న పని కాదు.

రెండవ జవాబు, లిమా నుంచి:

పై జవాబుతో ఏకీభవిస్తూ పెరూ వైపు సంగతి ఒకటి కలుపుతున్నాను. 1986లో ఒక అమెరికన్ వ్యాపారి, ఇక్కడి వైద్యులు దర్శనాలకోసం కాచి తాగే అయవాస్కా పానీయపు తీగపై పేటెంటు పొందాడు. అమెజాన్ ఆదివాసీ సంఘాల సమాఖ్య పోరాడగా 1999లో రద్దయి, 2001లో మళ్ళీ పునరుద్ధరణ పొంది, 2003లో గడువు ముగిసేదాకా బతికే ఉంది. మన పసుపుపై అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించుకొన్నవాళ్ళం, ఆ కడుపుమంట మనకు కొత్త కాదు. అందుకే పెరూ, బ్రెజిల్ సరిహద్దులోని మాత్సెస్ ప్రజల ఐదుగురు వైద్యులు 2015లో తమ వైద్యవిజ్ఞానాన్ని 500 పుటల గ్రంథంగా కూర్చినప్పుడు, దాన్ని కేవలం మాత్సెస్ భాషలోనే రాసుకొన్నారు. అనువాదం లేదు, బయటికి విడుదల లేదు. మీ పరిశోధన సంస్థ ‘అన్నీ బహిరంగంగా ఉంచాలి’ అని షరతు పెడితే, ఒప్పందంపై సంతకానికి ముందే మినహాయింపు రాయించుకోండి, తరువాత ఎవరూ వినరు. ఇంకొక మాట: పర్యాటకులకు అయవాస్కా తాగించే విడిది కేంద్రాల్లో విన్న పాటలను క్షేత్రపరిశోధనగా లెక్కించకండి. అక్కడ ఎవరికోసం ఏది పాడుతున్నారో మనకు తేలదు.

మూడవ జవాబు, హైదరాబాదు నుంచి:

ఫునాయ్ అడిగే టీకాల్లో పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) టీకాను నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేసుకొన్న పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుబాటవుతుంది కనుక ప్రయాణానికి ముందురోజు పరుగెత్తవద్దు. ఆ పసుపు పుస్తకాన్ని బ్రెజిల్‌లో పారేసుకోవద్దు కూడా. అది లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజులదాకా క్వారంటైన్‌లో ఉంచగలరు.