అప్‌డేట్: పంచభుజి కోణాల మొత్తం 440° ఎందుకొచ్చిందో తేలింది

ఒక మూల లోపలికి నొక్కుకుపోయిన పంచభుజిలో అంతరకోణాలు కలిపితే 540° బదులు 440° వస్తోందని అడిగాను. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

"నొక్కు దగ్గర ఏ వైపు కొలిచారు?" అన్న ప్రశ్నతోనే చిక్కు వీడింది. అక్కడ ప్రొట్రాక్టర్ చూపిన 130° బొమ్మకు బయటి వైపుది. లోపలి కోణం 360 − 130 = 230°. మిగతా నాలుగు కోణాలు 310°, మొత్తం 540°.

భుజాల సంఖ్యలోంచి 2 తీసి 180తో గుణించే సూత్రం పుటాకార (ఇలా మూల లోపలికి నొక్కుకుపోయిన) బహుభుజికీ వర్తిస్తుంది. సరిచూడాలంటే కర్ణాలు ఆ నొక్కు శీర్షం నుంచే గీయండి, 3 త్రిభుజాలు వస్తాయి. దాని పక్క శీర్షాలు రెండింటినీ కలిపితే మాత్రం గీత బొమ్మ బయట పడుతుంది.

భుజాలు అసమానం కావడానికీ, ప్రింట్ సైజు తగ్గడానికీ ఈ 100° తేడాతో సంబంధమే లేదు. ప్రొట్రాక్టర్ పొరపాటైతే ఒకటి రెండు డిగ్రీలే, 100 కాదు.