కట్టినవారే గెలిచి చూపాలా?

గడినుడి: ఆటగాళ్లే లెవెళ్లు (ఆటలోని దశలు) కట్టి పంచుకునే వీడియోగేమ్ ‘సూపర్ మారియో మేకర్ 2’లో మొదటిసారి ఒక లెవెల్ కట్టాను. కట్టడానికి గంట, పూర్తిచేయడానికి మూడు సాయంత్రాలు! తయారుచేసినవారు లెవెల్ చివరి జెండా దాకా ఆడి చూపితే తప్ప అప్‌లోడ్ కానివ్వదు. బుర్రలో ఆలోచన ఉన్న ప్రతివారికీ వేళ్లలో వేగం ఉంటుందా? ‘డూమ్’ అనే పాత షూటింగ్ గేమ్‌కు 1994 నుంచీ ఆటగాళ్లు లెవెళ్లు తయారుచేసి పంచుకుంటున్నారు. వాళ్లకు ఎవరూ ఈ పరీక్ష పెట్టలేదు. నిబంధన తీసేయాలంటాను.

వేపచెట్టు: నేను ఒప్పుకోను. వండినవారు ముందు రుచి చూడాలి. డూమ్ లెవెల్‌ను మనం వెతికి తెచ్చుకుంటాం. మారియోలో ముక్కూముఖం తెలియనివారి లెవెళ్లు వరసగా మీద పడతాయి. దారే లేని లెవెల్‌లో అరగంట పోగొట్టుకుంటే ఎవరిని అడగాలి? అన్నట్టు, ఆ మూడు సాయంత్రాల్లో మీరు ఏమీ మార్చలేదా?

గడినుడి: మార్చాను. ముళ్ల గుంట వెడల్పు రెండు గడులు తగ్గించాను. అది మాత్రం మీ వాదనకే బలం.

చీకటిగది: అసలు ఆ పరీక్షను నమ్మేదెలా? కనబడని దిమ్మె వెనుక రహస్య ద్వారం పెట్టి, తాము మాత్రం అందులోంచి జెండా చేరుకునేవారు ఎందరో. మొదటి ‘మారియో మేకర్’ సంగతి చూడండి. 2024 ఏప్రిల్‌లో సర్వర్లు మూసేలోగా ఎవరూ గెలవని లెవెళ్లన్నీ పూర్తిచేయాలని ఒక బృందం పూనుకుంది. చివరికి మిగిలినది ‘ట్రిమ్మింగ్ ద హెర్బ్స్’. దాన్ని చేత్తో కాక, యంత్ర సాయంతో పూర్తిచేసి అప్‌లోడ్ చేశానని తయారుచేసిన వ్యక్తే మార్చిలో ఒప్పుకున్నారు.

వేపచెట్టు: మిగతా కథ కూడా చెప్పండి. గడువుకు కొద్ది రోజుల ముందు ఒకరు దాన్ని చేత్తోనే పూర్తిచేశారు. నిబంధనను మోసం చేసిన లెవెల్‌కు కూడా దారి ఉందన్నమాట!

చీకటిగది: ఉందని ఏడేళ్ల తరవాత తేలింది. అప్పటిదాకా ఎవరికి భరోసా?

తాటిముంజె: ‘జామెట్రీ డాష్’ అనే మరో గేమ్‌లో మరీ కష్టమైన లెవెళ్లను ఒకరు కట్టి, మరొకరు పూర్తిచేసి అప్‌లోడ్ చేయడం మామూలే. పరీక్ష ఉండనివ్వండి, అది రాసేది ఎవరైనా కావచ్చు. గడినుడి గారూ, కంట్రోలర్ ఇంట్లో ఇంకెవరి చేతికైనా ఇచ్చి చూశారా?

గడినుడి: అడిగారు కాబట్టి చెబుతున్నాను. మూడో సాయంత్రం ఆడింది మా చెల్లెలు.