గాలికి పోయేది పేలపిండా, పేలాలా?

(నలుగురి ముచ్చట. ఎవరి మాటకి ముందు వారి ఊరి పేరు.)

బరంపురం: తిప్పుడు పిడి ఉన్న పాత తరహా పాప్‌కార్న్ గిన్నెను ఎలా వాడాలో ఒక కాగితం రాస్తున్నాను. పైన ఒక సామెత పెట్టాలి. ‘గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం’ అనా, ‘పేలాలు కృష్ణార్పణం’ అనా? ‘ఎగిరిపోయే’ అనే పాఠం కూడా విన్న గుర్తు.

పర్లాకిమిడి: పేలపిండే. నడక చూడండి, ‘పేలాల పిండి’ అన్నా కుంటుతుంది. పైగా గాలికి పోయేది పిండి. పేలాలు అంత సులువుగా పోవు.

రాయగడ: పోకేం మేష్టారూ? జొన్న పేలాలు చెరిగేటప్పుడు పేలని గింజ చేటలో వెనక్కి ఉంటుంది, పేలం ముందుకు దూకుతుంది. కాస్త గాలి వీస్తే వీధిలోనే. ఇంకో మాట: ఒడియావాళ్లు శవయాత్రలో ఖై, అంటే వరి పేలాలు, చల్లుతారు, మనవాళ్లూ పేలాలు చల్లుతారు. ‘గాలికి పోయే’ అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం.

పర్లాకిమిడి: అప్పుడు కృష్ణుడెందుకు బాబూ? ఎలాగూ పోయిందాన్ని దేవుడి ఖాతాలో రాయడమే ఇక్కడి వెటకారం. చావుకి ముడిపెడితే ఆ చురుకు పోతుంది.

సిరొంచ: మావైపు మరాఠీవాళ్లు పేలాల్ని లాహ్యా అంటారు, నాగపంచమికి పెడతారు. సంస్కృత లాజల చుట్టమే. మన పేలపిండి తొలి ఏకాదశిది. అది సరే, మూత పెట్టిన గిన్నెకి ఈ సామెత ఎలా కుదురుతుందండీ? అందులోంచి గాలికి పోవాల్సింది ఆవిరొక్కటే. మూతకున్న బెజ్జాలు మూసుకుపోతే పేలాలు తోలులా సాగుతాయి.

బరంపురం: ఆవిరి సంగతి రాశాను. 5-6 లీటర్ల గిన్నెకి 2 టేబుల్ స్పూన్ల నూనె, అరకప్పు గింజలు, అంటే సుమారు 100 గ్రాములు. ముందు నూనెలో మూడు గింజలు వేసి, అవి పేలాకే మిగతావి. మధ్యస్థం మంట, ఆపకుండా నెమ్మదిగా తిప్పాలి. పేలుడికీ పేలుడికీ మధ్య రెండు మూడు సెకన్ల ఎడం వస్తే దించి వెంటనే ఒంపేయాలి.

రాయగడ: పిడితో తిరిగే అడుగు కమ్మీ గిన్నెకి ఆనుతోందో లేదో చూసుకోమని రాయండి. వంగి పైకి లేస్తే కిందివి మాడతాయి, పైవి పేలవు. పిడి బిగిసిందని బలవంతం చేస్తే ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగిపోతుంది. గిన్నె నిండితే కూడా బిగుస్తుంది, అప్పుడు దించేయడమే. వెన్న వద్దు, అందులో నీళ్లుంటాయి, మెత్తబడతాయి. నెయ్యి మేలు. ఉప్పు పొడిలా నూరితేనే అంటుతుంది.

సిరొంచ: గింజలో తేమ 14 శాతం దగ్గర ఉండాలి. లోపలి నీరు ఆవిరై, 180 డిగ్రీల ప్రాంతంలో పైతొక్క పగులుతుంది. ఎండిపోయిన గింజలైతే మూడు కప్పులకి ఒక టేబుల్ స్పూన్ నీళ్లు చల్లి, సీసా బిగించి, అప్పుడప్పుడూ కుదుపుతూ రెండు మూడు రోజులుంచాలి. జొన్నలు వేపే ముందు నీళ్లు చిలకరించేదీ ఇందుకే. మామూలు మొక్కజొన్నతో ప్రయత్నించకండి, దాని తొక్క ఆవిరిని అంతసేపు ఆపలేదు.

పర్లాకిమిడి: జొన్నలంటే గుర్తొచ్చింది. ‘జొన్నకలి జొన్నయంబలి జొన్నన్నము జొన్నపిసరు జొన్నలె తప్పన్’. శ్రీనాథుడిదని చెప్పుకునే ఆ పల్నాటి చాటువులో ఇన్ని జొన్నలున్నా పేలాల ఊసు లేదు చూశారా? తిట్టడానికి కూర్చున్నవాడు రుచైనదాన్ని కావాలనే వదిలేశాడంటాను!

రాయగడ: కందంలో చోటు చాలక వదిలాడు, అంతే. ఇంతకీ ‘పిసరు’ అంటే అక్కడ తినే వంటకమా, ‘కొంచెం’ అనే అర్థమా?

పర్లాకిమిడి: వంటకమే. కలి, అంబలి, అన్నం వరసలో ‘కొంచెం’ ఎలా కూర్చుంటుంది?

సిరొంచ: కూర్చోవచ్చు. అన్నం తర్వాత మిగిలిన పిసరు.

బరంపురం: అయ్యా, నా కాగితం రేపు అచ్చుకి వెళ్లాలి. పిండా, పేలాలా?

రాయగడ: ‘ఎగిరిపోయే’ సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.