కూలెంట్ ట్యాంక్ ఇంట్లోనే మారుద్దామనుకుంటున్నా, గాలి ఎలా తీయాలి?

అందరికీ నమస్కారం. మాది 2013 డీజిల్ హ్యాచ్‌బ్యాక్. వారం నుంచి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ట్యాంకు మీదున్న మిన్ (కనీస మట్టం) గీత కిందికి దిగిపోతోంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి చూశాను, పొద్దున్నకి ఒక్క చుక్క కూడా లేదు. నిన్న టార్చి వేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, అదే కూలెంట్ ట్యాంక్, పసుపు పచ్చగా మారి, రెండు సగాలు అతికిన చోట వెంట్రుక మందాన చీలింది. చీలిక పొడుగునా ఆకుపచ్చ పొడి గట్టిపడి ఉంది. ఇంజిన్ వేడెక్కి ప్రెషర్ పెరిగినప్పుడే కారుతున్నట్టుంది.

మెకానిక్ గమ్ పూసి సరిపెడదాం అన్నాడు. ప్రెషర్ ఉండే ట్యాంకుకి గమ్ ఎన్నాళ్లు ఆగుతుంది? అందుకే కొత్త ట్యాంక్, మూత కొనేశాను. రెండు బోల్టులు, మూడు పైపులు, అంతే. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీస్తాను లెండి, మా బాబాయి చెయ్యి కాల్చుకోవడం కళ్లారా చూశాను.

ట్యాంకులో ఉన్నది సిరంజితో లాగేసి పైపులు విప్పితే చాలా, రేడియేటర్ కూడా ఖాళీ చేయాలా? అసలు టెన్షన్ కూలెంట్ పైపుల్లో చిక్కుకునే గాలి గురించే. బ్లీడ్ స్క్రూ (ఆ గాలిని బయటికి వదిలే స్క్రూ) ఎక్కడా కనిపించలేదు. మూత తీసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపితే గాలి పోతుందా?

ఇంకోటి, లోపల ఉన్న కూలెంట్ ఏ రకమో తెలీదు. రంగు ఒకటే అయినా రకం వేరు కావచ్చు కదా, మొత్తం మార్చేయడమే మేలంటారా? ఇంట్లో చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆదివారంలోపు చెప్పండి, ప్లీజ్.