అప్‌డేట్: ఏడో నెలలో నిద్ర పట్టడం లేదని అడిగింది నేనే

2021 మేలో, తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టిన వారమే ఇక్కడ మిమ్మల్ని అడిగాను: ఏడో నెల, కరోనా భయంతో రాత్రంతా ఆక్సీమీటర్ (ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపేది) వేలికి పెట్టుకుని కూర్చుంటున్నా, ఇది మామూలు టెన్షనేనా అని. కాదట. మీరన్నట్టే డాక్టరమ్మకు వీడియో కాల్‌లో దాచకుండా చెప్పాను. ఎడిన్‌బరో స్కేల్ అని, గర్భిణుల్లో, బాలింతల్లో డిప్రెషన్ ఉందేమో చూసేదట, గత 7 రోజుల్లో మనసు ఎలా ఉందో 10 ప్రశ్నలు అడిగారు. స్కోరు ఎక్కువే వచ్చింది. మందులేమీ రాయలేదు, వారానికోసారి ఫోన్‌లో కౌన్సెలింగ్. మొదటి కాల్ అంతా ఏడుపే.

ఆక్సీమీటర్‌ను అత్తయ్య బియ్యం డబ్బాలో దాచేశారు. (దొరికింది, కానీ తియ్యలేదు.)

జూలై 2న గర్భిణులకూ కరోనా టీకా వేయొచ్చని కేంద్రం చెప్పింది. డాక్టరమ్మను అడిగి ఆ వారమే వేయించుకున్నా. ఆగస్టులో పాప పుట్టింది. ఇప్పుడూ నిద్ర లేదు, అది వేరే సంగతి.