మోదుగు తొలి పువ్వు దొరకబట్టుడెట్ల? (సిరొంచ–అహేరి రోడ్డు)

సిరొంచ_రోడ్డు:
ఏటా చెట్టంతా ఎర్రబడ్డాకనే మోదుగు కండ్లబడుతది. ఈసారి తొలి పువ్వు విచ్చిన తేదీ రాసిపెట్టాలె. ఎప్పటి నుంచి చూడాలె, ఏ చెట్టు పట్టుకోవాలె? నేల మీద పూసే పూలేమన్న ఈ కాలంల ఉంటయా అన్నా?

చెల్కగట్టు:
జనవరి ఆఖర్ల మొదలుపెట్టు తమ్మీ. ఎరుపు కోసం చూడకు, నలుపు కోసం చూడు. ఆకు రాలిన కొమ్మకు మొగ్గలు వరుసగ వస్తయి, మీది తొడుగు నల్ల మఖ్మల్ లెక్క ఉంటది. దూరంకెల్లి కొమ్మకు మసి పట్టినట్టే. తొడుగు చీలి నారింజ ముక్కు బయటపడంగనే తేదీ రాసుకోకు. వెనక రెక్క పూర్తిగ మళ్లితేనే విచ్చినట్టు. ఈ లెక్క ఏటా ఒక్క తీరుగ లేకుంటే తేదీలకు పోలిక కుదరదు.

ఒక్క చెట్టు సరిపోదు, పక్కపక్క చెట్లే ముందూ వెనకా పూస్తయి. ఐదారు చెట్లకు గుర్తు పెట్టి వారానికి రెండుసార్లు అవే చూడు. ఇస్తరాకుల కోసం నరికి నరికి పొద లెక్కయినవి వద్దు, వాటికి చిగురే తప్ప పూత తక్కువ. ఊరికి దగ్గరివీ వద్దు, హోలీ రంగుకు కింది కొమ్మలు ఖాళీ చేస్తరు. పొద్దుగాల ఎండ నీ వీపుకుండాలె. ఎదురెండల మొగ్గ, ఎండుటాకు ఒక్కతీరే. చెట్టు కింద కూడ చూడు, చిలుకలు తెంపేసిన పువ్వు పైదాని కన్న ముందు దొరకొచ్చు.

ప్రాణహిత_ఒడ్డు:
నేలపూలకు మన దిక్కు వానకాలమే. ఇప్పుడు పైమట్టి ఎండుతది, లోతు వేర్ల చెట్లదే రాజ్యం. అయినా బీళ్లల నేల వాకుడు చూడు: ఊదా పువ్వు, నడుమ పసుపు, ఆకు మీద కూడ ముండ్లు. బలురక్కసి పసుపు పువ్వు, తెంపితే పసుపు పాలు. దాని గింజ ఆవాల లెక్కనే ఉంటది, నూనెల కలిస్తే విషం, పిల్లలను ముట్టనీయకు.

గుట్టదిక్కు:
దూరంకెల్లి బూరుగును మోదుగనుకోకు. బూరుగు మాను నిటారు, లేత మానుకు ముండ్లు, పువ్వుకు ఐదు మందపు రెక్కలు. రాళ్ల గుట్ట మీద ఆకులేని కొమ్మకు అరచేతంత పసుపు పువ్వుంటే కొండగోగు. రేలకైతే పసుపు గుత్తులు వేలాడుతయి, అది ఇంకా ఎండలు ముదిరినంక.

మార్చిల ఇప్ప రాలుతది. తెల్లారకముందు ఆ చెట్ల కిందికి ఒంటరిగ పోవద్దు, ఎలుగుబంట్లు అదే యాళ్లకు వస్తయి. పువ్వు ఏరేటందుకు కొందరు ఆకులకు నిప్పు పెడుతరు, పొగ కనబడితే ఆ దిక్కు పోకుండ ఫారెస్టోళ్లకు ఫోన్ చెయ్యి.